సముద్రానికి ఓటు బలం ఉందా? సముద్రజీవుల రక్షణ రాజకీయాలపై అపోహలు - వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్ తీరంలో మత్స్యకార గ్రామాలకూ, ప్రభుత్వ శాఖలకూ, ప్రజాప్రతినిధులకూ మధ్య నిలబడి సముద్రజీవుల సంరక్షణ గురించి మాట్లాడటం నా వృత్తి. ఈ పనిలో శాస్త్రీయ సమాచారం కొరవడి ఆగిపోయిన సందర్భాల కన్నా, రాజకీయ మద్దతు ఎలా పుడుతుందో, ఎలా నిలుస్తుందో తెలియక ఆగిపోయిన సందర్భాలే నాకు ఎక్కువగా ఎదురయ్యాయి. చదువుకున్నవారిలోనూ, సంరక్షణను ప్రేమించేవారిలోనూ బలంగా పాతుకుపోయిన కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: సముద్రాన్ని కాపాడితే ఓట్లు రావు, కాబట్టి ఏ పార్టీకీ దానిపై ఆసక్తి ఉండదు.

వాస్తవం: తీర నియోజకవర్గాల్లో మత్స్యకారుల ఓట్లు చెల్లాచెదురుగా ఉండవు, గ్రామాలకు గ్రామాలుగా ఒకేచోట ఉంటాయి. అందువల్ల సముద్రానికి సంబంధించిన కోరిక మత్స్యకారుల కోరికగా ముందుకు వచ్చినప్పుడు ప్రభుత్వాలు కదిలాయి. కేరళలో చిన్న పడవల మత్స్యకారులు, పెద్ద వలలను లాగుతూ వేటాడే మరపడవలైన ట్రాలర్ల మీద ఏళ్ళ తరబడి పోరాడినందువల్లనే 1980లో సముద్ర వేట నియంత్రణ చట్టం వచ్చింది, 1988లో వర్షాకాలపు ట్రాలింగ్ నిషేధం అమలులోకి వచ్చింది. ఆ తరువాత ఏ కూటమి అధికారంలోకి వచ్చినా ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. 2025 మార్చిలో సముద్రగర్భపు ఖనిజ తవ్వకాలకు వ్యతిరేకంగా కేరళ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మిగతా అన్ని విషయాల్లోనూ కత్తులు దూసుకునే రెండు కూటములు ఆ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలిచాయంటే, దాని వెనుక తీరప్రాంత ప్రజల ఒత్తిడి ఉంది.

మన రాష్ట్రంలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ వేట నిషేధ భృతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేట ఆగిపోతుంది. ఆ రోజుల్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఏ నిషేధమూ కాగితం దాటదు. 2019కి ముందు 4,000 రూపాయలుగా ఉన్న భృతి ఆ ఏడాది 10,000 రూపాయలు అయింది, ఆ తరువాత అధికారంలోకి వచ్చిన ప్రత్యర్థి ప్రభుత్వం 2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచింది. రెండు ప్రత్యర్థి పక్షాలు ఒకదానికి మించి మరొకటి పెంచిన ఈ మొత్తాన్ని చాలామంది సంక్షేమ పథకంగానే చూస్తారు. నా దృష్టిలో మాత్రం ఇది మన తీరంలో సంరక్షణకు లభించిన అత్యంత స్థిరమైన రాజకీయ మద్దతు, ఎందుకంటే చేపలు గుడ్లు పెట్టే కాలంలో పడవలను ఒడ్డున నిలిపి ఉంచుతున్న ఏర్పాటుకు ఆధారం ఈ సొమ్మే.

అపోహ: ఒక జీవిని వన్యప్రాణి చట్టంలో చేర్పిస్తే దాన్ని కాపాడినట్టే.

వాస్తవం: 2001 సంవత్సరం ఈ అపోహకు జవాబు చెబుతుంది. ఆ ఏడాది మే నెలలో తిమింగల సొరను (వేల్ షార్క్) వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చారు. జూలైలో కేంద్ర ప్రభుత్వం అంతకన్నా పెద్ద అడుగు వేసి సొరలు, టేకు చేపలు మొత్తాన్నీ అదే షెడ్యూలులోకి తెచ్చింది. వలలో ఏ సొర పడుతుందో వల వేసేవాడి చేతిలో ఉండదు. అయినా ఆ ఒక్క ఉత్తర్వుతో సొరలను పట్టి, ఎండబెట్టి, అమ్మి బతికే కుటుంబాలన్నీ చట్టం దృష్టిలో పులిని వేటాడినవారితో సమానమైపోయాయి. తీర రాష్ట్రాల్లో నిరసన చెలరేగింది, డిసెంబరు నాటికి ప్రభుత్వం వెనక్కి తగ్గి జాబితాను కొద్ది జాతులకే పరిమితం చేసింది. సంప్రదింపులు లేకుండా వచ్చిన ఆ రక్షణ అర సంవత్సరం కూడా నిలవలేదు. అంతకన్నా బాధాకరమైన విషయం, ఆ తరువాత చాలాకాలం సొరల పేరెత్తితేనే మత్స్యకార నాయకులు అనుమానంగా చూసేవారు.

అదే ఏడాది అదే చట్టంలో చేరిన తిమింగల సొర కథ వేరుగా నడిచింది. గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో ఆ చేపను విరివిగా వేటాడేవారు, దాని కాలేయపు నూనెను చెక్క పడవలకు నీరు పట్టకుండా పూసేవారు. చట్టం వచ్చాక అక్కడ 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ప్రచారం మొదలుపెట్టింది. రామకథా ప్రవచనకారుడు మొరారి బాపు ఆ చేపను కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డగా వర్ణించి చెప్పారు. రాష్ట్ర అటవీశాఖ, చేపను విడిపించడానికి వలను కోసుకున్న మత్స్యకారుడికి ఆ వల ఖరీదును పరిహారంగా ఇచ్చే ఏర్పాటు చేసింది. వేటాడినవారే విడిచిపెట్టేవారయ్యారు, అలా బయటపడ్డ చేపల సంఖ్య వందల్లోకి చేరింది. రెండుచోట్లా ఉన్నది ఒకే చట్టం, ఒకే షెడ్యూలు, ఒకే శిక్ష. ఒకచోట వల కోల్పోయేవాడి నష్టం గురించి ప్రభుత్వం ముందుగా ఆలోచించింది, మరొకచోట ఆలోచించలేదు.

అపోహ: వేట నిషేధకాలం ఉంది కాబట్టి తాబేళ్ళకూ రక్షణ ఉన్నట్టే.

వాస్తవం: మా రంగంలో ఉన్నవారిని తప్ప మిగిలిన దాదాపు అందరినీ తప్పుదారి పట్టించే అపోహ ఇది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి శీతాకాలంలోనే చేరతాయి, గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అంటే ఆడ తాబేళ్ళు ఒడ్డుకు దగ్గరగా, గుంపులుగా తిరిగే నెలల్లో ట్రాలర్ల వేట పూర్తిస్థాయిలో సాగుతూ ఉంటుంది. తాబేలు ఊపిరి కోసం పైకి రావలసిన జీవి, గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే మునిగి చనిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ తాబేళ్ళు చనిపోయి కొట్టుకువచ్చాయి. అదే నెలలో కాకినాడ తీరంలో తాబేళ్ళ మరణాలపై రాష్ట్ర ఉపముఖ్యమంత్రి, అటవీ పర్యావరణ శాఖల మంత్రి అయిన పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు.

ఒడిశాలో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ 1997లో గహిర్మథా సముద్ర అభయారణ్యం ఏర్పడింది. ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల వద్ద నవంబరు 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర మరపడవల వేటను ఏటా నిషేధిస్తారు. ఆ కాలపట్టిక తాబేలు జీవితాన్ని బట్టి వేసినది, మన 61 రోజుల కాలపట్టిక చేపల పునరుత్పత్తిని దృష్టిలో పెట్టుకుని వేసినది. రెండూ అవసరమే, కానీ ఒకటి రెండవదాని పని చేయదు. నిషేధ భృతి ప్రకటించే వేదిక మీద తాబేళ్ళను కాపాడుతున్నామన్న మాట వినిపించినప్పుడు ఈ తేడాను గుర్తుచేయవలసిన బాధ్యత మాబోటి వారిది.

మన దగ్గర వెంటనే ఉపయోగపడేవి రెండు. మొదటిది, చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలికి మరపడవలు రాకుండా చూడటం. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, గస్తీ పడవ, డీజిల్, రాత్రిపూట పనిచేసే సిబ్బంది కావాలి. రెండవది, ట్రాల్ వలకు తాబేలు తప్పించుకునే పరికరాన్ని అమర్చడం. వలలో వాలుగా నిలిపిన ఇనుప చట్రం, దాని పైభాగంలో ఒక ద్వారం ఉండే ఈ పరికరాన్ని మన వలలకు తగినట్టుగా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది. రొయ్య చట్రం కమ్మీల మధ్య నుంచి వల చివరకు వెళుతుంది, తాబేలు చట్రానికి తగిలి పైనున్న ద్వారం గుండా బయటపడుతుంది. ఆ ద్వారంలోంచి కొంత పెద్ద చేప కూడా జారిపోతుందన్నది బోటు యజమానుల అభ్యంతరం, దాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

ఇక్కడొక ఆర్థిక కారణమూ ఉంది. ఈ పరికరం వాడకం సరిగా లేదన్న కారణంతో అమెరికా 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసింది, చెరువుల్లో పెంచిన రొయ్యలకు ఆ ఆంక్ష వర్తించదు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎగుమతి అయ్యే రొయ్యలో సింహభాగం చెరువులదే కావడం వల్ల, ఆ దెబ్బ మన రాజకీయ నాయకత్వానికి బలంగా తగలలేదన్నది నా అభిప్రాయం. నష్టం సముద్రంలో వేటాడే బోట్లకు పరిమితమైంది, ప్రశ్న శాసనసభ దాకా రాలేదు.

అపోహ: సముద్రం కేంద్రానిది, రాష్ట్రం చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం చేపల వేట రాష్ట్ర జాబితాలోని 21వ అంశం, ప్రాదేశిక జలాలకు ఆవలి వేట కేంద్ర జాబితాలోని 57వ అంశం. ప్రాదేశిక జలాలంటే 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. తాబేళ్ళు గుమిగూడేదీ, నాటు పడవలు తిరిగేదీ, కర్మాగారాల వ్యర్థాలు కలిసేదీ ఈ పరిధిలోనే. ఇక్కడ వేటను నియంత్రించే అధికారం 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం ద్వారా మన ప్రభుత్వానికి ఉంది.

అపోహ: మత్స్యకారులే సంరక్షణకు అడ్డంకి, రాజకీయ నాయకులు వారికి భయపడుతున్నారు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది. 1991లో కేంద్రం విదేశీ నౌకలతో ఉమ్మడిగా లోతు సముద్రపు వేటకు తలుపులు తెరిచినప్పుడు, దాన్ని ఎదిరించి 1994లో దేశమంతటా వేట మానేసి సమ్మె చేసింది మత్స్యకారులే. ఆ ఒత్తిడితోనే ఆ విధానాన్ని సమీక్షించే మురారి కమిటీ ఏర్పడింది, 1996లో ఇచ్చిన నివేదికలో ఆ అనుమతులను రద్దు చేయాలని చెప్పింది. 2022 జనవరిలో విశాఖపట్నంలో రింగు వలల విషయమై మత్స్యకార గ్రామాల మధ్య పడవలు తగలబడేంత ఘర్షణ జరిగింది. హింసను ఎవరూ సమర్థించలేరు, కానీ ఆ తగవు మూలంలో ఉన్నది చేపల గుంపును మొత్తంగా చుట్టేసే వలను తీరానికి ఎంత దూరంలో అనుమతించాలన్న ప్రశ్న. సరిగ్గా ఆ ప్రశ్నకే సంరక్షణ శాస్త్రం కూడా జవాబు వెతుకుతోంది. మత్స్యకారులందరూ ఒకే పక్షం కాదు. తెప్పవాడికీ ట్రాలర్ యజమానికీ ప్రయోజనాలు వేరు, వారి మాటలు వేరు. ఎవరి మాట ప్రభుత్వానికి వినిపిస్తోందన్నదే అసలు రాజకీయం.

చట్టం కూడా వారిని పక్కన పెట్టమని చెప్పలేదు. ప్రాదేశిక జలాల్లో అభయారణ్యం ప్రకటించేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకున్న తరువాతే హద్దులు నిర్ణయించాలని వన్యప్రాణి చట్టం 26ఎ సెక్షన్ చెబుతోంది. తమిళనాడు 2022 సెప్టెంబరులో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల పరిధిలో దేశంలోని మొదటి కడలి ఆవుల (డుగాంగ్) పరిరక్షణ క్షేత్రాన్ని ప్రకటించినప్పుడు ఎంచుకున్నది కూడా, స్థానిక సమాజాలతో సంప్రదింపులు తప్పనిసరి అయిన పరిరక్షణ క్షేత్రం అనే పద్ధతినే.

అపోహ: రాజకీయాలతో పనిలేదు, కోర్టుకు వెళితే చాలు.

వాస్తవం: 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు, తీర నియంత్రణ మండలంలోని (సీఆర్‌జెడ్, అంటే కట్టడాలపై ఆంక్షలున్న తీరపు పట్టీ) వాణిజ్య రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు ఇచ్చింది. చెరువుల పరిశ్రమకు రాజకీయ బలం ఉంది. 2005లో పార్లమెంటు తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం చేసి ఆ చెరువులకు చట్టబద్ధత కల్పించింది, 2023లో చేసిన సవరణ తీర మండలంలో వాటికి అనుమతిని మరింత స్పష్టం చేసింది. తీర నియంత్రణ మండలం సంగతీ అంతే. 1981లో ప్రధాని ఇందిరాగాంధీ, పోటు సమయంలో నీళ్ళు చేరే పోటు గీతకు 500 మీటర్ల లోపల కట్టడాలు రానీయవద్దని తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. ఆ ఆలోచనే 1991లో నోటిఫికేషన్‌గా మారింది. 2019 నాటి నోటిఫికేషన్, జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో కట్టడాలు నిషిద్ధమైన మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. కోర్టు వ్యవధి ఇవ్వగలదు, ఆ వ్యవధిలో ప్రజాభిప్రాయాన్ని కూడగట్టకపోతే తీర్పును చట్టంతో దాటవేసే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

అపోహ: అంతర్జాతీయ ఒప్పందాలు మన తీరానికి సంబంధం లేనివి.

వాస్తవం: ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రాల జీవవైవిధ్య ఒప్పందంపై భారతదేశం 2024 సెప్టెంబరులో సంతకం చేసింది, అది 2026 జనవరి 17న అమలులోకి వచ్చింది. మన ఒడ్డున గుడ్డు పగిలి బయటికి వచ్చిన తాబేలు పిల్ల దేశాల హద్దులు దాటి తిరగగలదు, కాబట్టి ఆ నీళ్ళలో ఏం జరుగుతుందన్నది మనకు పరాయి విషయం కాదు.

అపోహ: మంత్రులను కలవగలిగినవారే ఏమైనా చేయగలరు.

వాస్తవం: తీరంలో పెద్ద పరిశ్రమకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు, 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు బహిరంగ విచారణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి, కలెక్టరు గానీ అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. వ్యర్థజలాల గొట్టం సముద్రంలోకి ఎంత దూరం వెళుతుంది, అక్కడ ఏ కాలంలో ఏ వేట సాగుతుంది, గొట్టం పగిలితే ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్న ప్రశ్నలను ఆ విచారణలో లిఖితపూర్వకంగా ఇస్తే అవి రికార్డులోకి చేరతాయి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ముసాయిదా నోటిఫికేషన్లపై అభ్యంతరాలకు సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది, ఆ గడువులో ఎవరైనా రాయవచ్చు. శాసనసభ్యుడిని కలిసే అవకాశం వచ్చినప్పుడు నేను అడిగించే ప్రశ్నలు కూడా ఇలాంటివే. మీ జిల్లాలో మత్స్యశాఖకు పనిచేసే గస్తీ పడవలు ఎన్ని, జనవరి నుంచి మార్చి వరకు అవి ఎన్ని రాత్రులు సముద్రంలో తిరిగాయి, 8 కిలోమీటర్ల లోపల పట్టుబడిన మరపడవలు ఎన్ని, వాటిలో ఎన్నింటిపై చర్య తీసుకున్నారు. ఈ నాలుగింటికీ సభలో జవాబు రావాలంటే ఒక్క సభ్యుడు ప్రశ్న వేస్తే చాలు.