ట్యాబ్ ఎవరిది?

పిల్లల చేతికి ట్యాబ్ ఇస్తే చదువు బాగుపడుతుందా, ఉన్నది కూడా పోతుందా అని స్టాఫ్ రూముల్లో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం ముందు ఒక డౌటు తీరాలి: ఆ వస్తువు ఎవరిది, అది ఎవరి దగ్గర ఉంటుంది? మన దగ్గర యాభై ఏళ్లుగా నడుస్తున్న కథలో అసలు తకరారు అదేననిపిస్తుంది.

1975 ఆగస్టు 1న నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీలో పాఠాలు చూపే సైట్ అనే ప్రయోగాన్ని ఇస్రో మొదలుపెట్టింది. ఆరు రాష్ట్రాలు, సుమారు 2,400 ఊళ్లు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. కోళ్లగూటికి కొట్టే వల లాంటిదాన్ని పెద్ద గొడుగులా వంచి యాంటెన్నా చేశారు, దాని కింద ఒక టీవీ. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. అరువు గడువు తీరగానే పాఠాలు ఆగిపోయాయి.

1984లో కేంద్రం కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది, మన పిల్లల్లో వాటిని చూసినవాళ్లే తక్కువ. మేం చూసింది ఆ తర్వాత ఎప్పుడో వచ్చిన కంప్యూటర్ రూము. చెప్పులు బయట విప్పాలి, ఒక్కో సిస్టమ్‌కి నలుగురం, మౌస్ మాత్రం క్లాసు ఫస్టు వచ్చేవాడిదే, మిగతా ముగ్గురం వాడి భుజం మీంచి చూసేవాళ్లం. తాళంచెవి హెడ్‌మాస్టర్ గారి బీరువాలో. నేర్పే సారు కాంట్రాక్టు మనిషి, కాంట్రాక్టు అయిపోయాక ఆయన వెళ్లిపోయాడు, మానిటర్ల మీద గుడ్డ మాత్రం నీటుగా అలాగే ఉండేది.

2020లో బడులు మూతపడ్డాక ఫోనే బడి అయింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్లలో పాఠాలు వేశారు, కానీ హోంవర్క్ వచ్చేది వాట్సాప్‌లోనే. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే ఆ ఏడాది చెప్పిన ప్రకారం, దేశంలోని పల్లెల్లో బడిలో పేరున్న పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, రెండేళ్ల ముందు అది 36.5 శాతమే. వినడానికి బాగుంది. అయితే అది నాన్న ఫోను. మా పక్కింటాయన ఆటో నడుపుతాడు, ఫోను ఆయనతో పాటే పొద్దున్నే వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వచ్చేది, అప్పుడు అక్కా తమ్ముడూ ఆ ఒక్క ఫోను కోసం కొట్టుకునేవాళ్లు, ఈలోగా చార్జింగు అయిపోయేది.

ఈ గొడవంతా చూశాకే ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకే సొంతంగా ట్యాబ్ ఇచ్చేశారు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలు. ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ల టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా, లోపల బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలు. నెట్ లేకపోయినా నడిచేలా పాఠాలు ముందే ఎక్కించి ఇవ్వడం తెలివైన పని, ఆ మాట ఒప్పుకోవాలి. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2023 ఆగస్టులో, అదే ప్రభుత్వం పిల్లలు బడికి ఫోన్లు తేవద్దంది. సర్కారిచ్చిన తెర మంచిది, ఇంటి నుంచి తెచ్చిన తెర చెడ్డది, రెండూ ఒకే సంచిలో!

2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మా మేనల్లుడి ట్యాబ్ మూల పగిలింది, టేపు అంటించుకుని వాడుతున్నాడు. ఏం చూస్తున్నావురా అని అడిగితే, బోదకాలు మీద పాఠం అన్నాడు, కింద మాత్రం క్రికెట్ స్కోరు కదులుతోంది.