తల్లి చదువు, బిడ్డ ప్రాణం

నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో యొరూబా కుటుంబాల వివరాలను పరిశీలించిన ఆస్ట్రేలియా జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్, పిల్లల మరణాల్లో కనిపించే తేడాలకు అన్నిటికన్నా పెద్ద కారణం తల్లి చదువేనని 1979లో వాదించాడు. చదువుకున్న ఇల్లాలున్న ఇల్లు డబ్బున్న ఇల్లే కదా అని ఎవరైనా అంటారు. కానీ తండ్రి ఉద్యోగం వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చెరిగిపోలేదు. చదువుకున్న తల్లి బిడ్డ జబ్బును తలరాతగా వదిలేయదని, ఆసుపత్రిలో చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడుగుతుందని, పెద్దల అనుమతి కోసం కాచుకుని కూర్చోకుండా తానే బయలుదేరుతుందని ఆయన వివరించాడు. వీటిలో చివరిదే ముఖ్యమని నాకనిపిస్తుంది, ఎందుకంటే విరేచనాలతో సోలిపోతున్న పసిబిడ్డకు ఒక్క పూట ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది.

బడిలో ఈ వైద్యమంతా నేర్పుతారా అంటే, లేదు. మొరాకో తల్లులపై 1999లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, బిడ్డ ఆరోగ్యానికి అక్కరకొచ్చిన తెలివిడిని వారు తరగతి గది బయటే సంపాదించుకున్నారు. అందుకు పనిముట్లయినవి మాత్రం బడిలో అబ్బిన చదవడం, లెక్కలు.

విరేచనాలప్పుడు తాగించడానికి మన మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ (లవణాల పొడి) ప్యాకెట్టునే చూడండి. పెద్దదాన్ని లీటరు నీటిలో కలపాలి, చిన్నదాన్ని 200 మిల్లీలీటర్లలో. లీటరు ప్యాకెట్టును ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి తాగిస్తే ఒంట్లో సోడియం మితిమీరి మెదడుకే ముప్పు రావచ్చు. నీళ్లు మరీ ఎక్కువైతే పోయిన లవణాలు సరిపడా తిరిగి చేరవు. ఆ కొలత ఉండేది ప్యాకెట్టు మీది సన్నటి అక్షరాల్లో. తోడుగా ఇచ్చే జింకు మందును విరేచనాలు తగ్గాక కూడా, మొత్తం 14 రోజులు వేయాలి. నాలుగో రోజుకే బిడ్డ లేచి ఆడుకుంటుంటే ఇక చాల్లే అని ఎవరికైనా అనిపిస్తుంది.

అంతా చదువు మహిమే అనడానికీ వీల్లేదు. పరిశోధకులు సోనాల్దే దేశాయ్, సౌమ్య ఆల్వా 1998లో 22 దేశాల సర్వేలను పరిశీలించినప్పుడు, తండ్రి చదువు, కుళాయి నీరు, మరుగుదొడ్డి, నివాస ప్రాంతం వంటివి లెక్కలోకి రాగానే శిశు మరణాల మీద, పిల్లల ఎత్తు మీద తల్లి చదువు ప్రభావం బాగా పలచబడింది. టీకాల విషయంలో మాత్రం దాదాపు సగం దేశాల్లో నిలిచింది. ఇందులో వింతేమీ లేదు: కుళాయి ఒకసారి వేయిస్తే ఇంటిల్లిపాదికీ నీళ్లొస్తాయి, టీకా అలా కాదు, 6, 10, 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు, కార్డులో తేదీ చూసుకుని, ఆ రోజు కూలి మానుకుని, బిడ్డను చంకనేసుకుని ఎవరో ఒకరు వెళ్తేనే పడుతుంది.