నెల్లూరు నుంచి ఒకరోజు ట్రిప్పులు: బండి నడిపేవాడు చెప్పే అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో అద్దెకు కారు నడుపుతాను. ఆదివారం ట్రిప్పుకని వచ్చే ఫోన్లలో సగం ఇలాగే ఉంటాయి: "అన్నా, నేలపట్టు, పులికాట్, ఉదయగిరి, మైపాడు అన్నీ చూపించి రాత్రికి ఇంట్లో దించెయ్." నేలపట్టు దక్షిణాన, ఉదయగిరి వాయవ్యాన, మైపాడు తూర్పున సముద్రం దగ్గర. రోజుకు ఒక దిక్కు పెట్టుకోండి, లేదంటే మీరు చూసేది హైవేనే.

అపోహ: నేలపట్టులో ఫ్లెమింగోలు ఉంటాయి.

సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండగ ఫ్లెక్సీల పుణ్యం ఇది. నేలపట్టు చెరువు నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూళ్లు పెట్టేవి గూడబాతులు, అంటే పెలికాన్లు. రెట్టలు పడీ పడీ కొమ్మలకు సున్నం కొట్టినట్టు ఉంటుంది, ఆ రెట్టలు కలిసిన నీళ్లే పొలాలకు ఎరువని ఊరి రైతులు ఆ పక్షుల జోలికి పోరు. ఫ్లెమింగో అసలు చెట్టెక్కదు. దానికి మోకాలి లోతు ఉప్పునీళ్లు కావాలి, ముక్కు తలకిందులుగా ముంచి బురదనీళ్లు వడకట్టుకుని తింటుంది, కాబట్టి దాన్ని చూడాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద పులికాట్ సరస్సు నీళ్లలో వెతకాలి. ఒకసారి ఓ పిల్లాడు గూడబాతును చూసి "పింక్ ఏది?" అనడిగితే వాళ్ల నాన్న "ఇవి ఇంకా పిల్లలు, పెద్దయ్యాక రంగొస్తుంది" అన్నాడు. నేను అద్దంలో చూస్తూ నవ్వు ఆపుకున్నా. రెండూ ఒకే పూటలో చూడొచ్చు, అక్టోబరు నుంచి మార్చి లోపు, పొద్దున్నే, బైనాక్యులర్స్‌తో. రోడ్డుంది కదా అని షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాటి లోపలికి పోదామంటే మాత్రం కుదరదు.

అపోహ: ఉదయగిరి కోట కట్టించింది కృష్ణదేవరాయలు, కారు పైదాకా పోతుంది.

రెండూ తప్పే. కోట అప్పటికే ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉంది, రాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆయనకే అంత కాలం పట్టిన కొండ ఇది, మీరు పది గంటలకు బయల్దేరి మధ్యాహ్నం ఎండలో నడిచి ఎక్కుతామంటే ఎట్లా? తెల్లారకముందే బయల్దేరండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. దిగాక ఊళ్లో నర్ది, కలివి కర్రతో చెక్కే గరిటెలు, స్పూన్లు కొనుక్కోండి. మా ఇంట్లో పప్పు గరిటె అక్కడిదే, ఎన్నేళ్లయినా చీలలేదు.

అపోహ: మోటుపల్లిలో పాత ఓడరేవు కనిపిస్తుంది.

ఒకప్పుడు ప్రకాశం, ఇప్పుడు బాపట్ల జిల్లా. రేవు ఆనవాళ్లు వెతుక్కుంటూ పోతే నిరాశే. చూడాల్సింది వీరభద్రాలయం, శాసనం. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునే రోజుల్లో, మేం సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోమని 1244లో కాకతీయ గణపతిదేవుడు వర్తకులకిచ్చిన అభయం అది. చరిత్ర మీద ఆసక్తి లేని వాళ్లను నేనైతే తీసుకుపోను, తిరుగు దారంతా తిట్టుకుంటారు.

మైపాడుకు ప్లానే అక్కర్లేదు, సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసినా వస్తా. కానీ అక్కడ అలలు లాగేస్తాయి, మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగారంటే ఒడ్డు నుంచి హారన్ కొడుతూనే ఉంటా.