పంటు ఆగిన రోజు కబురు ఎటు పోతుంది?

చిరంజీవులైన మనవలకు అమ్మమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చి వెళ్లేటప్పుడు ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాక పెద్దవాడు ఒక ప్రశ్న అడిగాడు. "అమ్మమ్మా, నేను హైదరాబాదు నుంచి పంపే ఫోటోకి నీ ఫోను దాకా దారి ఎవరు చెబుతారు?" అంతలోనే కోటిపల్లి ఒడ్డు వచ్చేసింది. సామాన్ల హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను. అది మనసులో ఉండిపోయింది, అందుకే ఈ ఉత్తరం.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, దూరపు కాల్స్ కలిపే ట్రంకు బోర్డు ముందు ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని. అప్పట్లో దూరపు ఊరితో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసి ఎదురుచూడాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులు ఉండేవి. అమలాపురంలో నేను రాజమండ్రి ఆపరేటరును పిలిచేదాన్ని, ఆవిడ హైదరాబాదును పిలిచేది. అందరం కలిపితే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక దారి ఏర్పడేది. మాట్లాడుతున్నంతసేపూ ఆ దారి వాళ్లదే. కూతురి గొంతు వినగానే తండ్రికి మాట పెగలక ఊరుకున్నా, ఆ మౌనానికి కూడా తీగ కట్టుబడే ఉండేది. వెనక ఎందరు కాచుకుని ఉన్నా ఇవ్వడానికి లేదు.

1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ కూలాయి. మన ఊళ్ల నుంచి బయటికి కబురు లేదు. దూరాన ఉన్న మీ అమ్మ ఎంత తల్లడిల్లిందో తననే అడగండి. ఒక్క దారినే నమ్ముకుంటే అంతే. ఇలాంటి రోజు గురించి పాల్ బారన్ అనే అమెరికా ఇంజినీరు 1960ల తొలినాళ్లలోనే ఆలోచించాడు. యుద్ధంలో కొన్ని కేంద్రాలు పోయినా మిగిలినవాటి మధ్య మాట ఆగకూడదని, చేపల వలలా అల్లిన తీగల మీద సందేశాన్ని ముక్కలుగా పంపే పద్ధతి చెప్పాడు. ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ విడిగా అదే ఆలోచనకు వచ్చి, ఆ ముక్కకు 'ప్యాకెట్' అని పేరు పెట్టాడు. ఇప్పటి ఇంటర్నెట్టుకు ముందు తరమైన ఆర్పానెట్ 1969లో మొదలైంది, అది ప్యాకెట్లతోనే నడిచింది.

మీ ఫోటో కూడా అలాగే ముక్కలవుతుంది. మామూలుగా ఒక్కో ముక్క 1500 బైట్లు మించదు. ప్రతి ముక్క మీదా పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, వరుస సంఖ్య ఉంటాయి. ముక్కలన్నీ ఒకే దారిన రావాలని లేదు. వచ్చినవాటిని అవతలి యంత్రం వరుసలో పేర్చుకుంటుంది. ఏదైనా రాకపోతే పంపినవారు దాన్ని మళ్లీ పంపుతారు.

దారిలో ప్రతి కూడలిలోనూ రూటర్ అనే యంత్రం ఉంటుంది. ఇదంతా మన కాలువల లాంటిదేనని ఇక్కడ చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ధవళేశ్వరంలో వదిలిన నీరు పల్లానికి పోతుంది, ఎవరినీ దారి అడగదు. ప్యాకెట్టుకు పల్లం లేదు. ప్రతి కూడలిలోనూ "దీన్ని ఎవరి చేతికి ఇవ్వాలి?" అని ఎవరో నిర్ణయించాలి. రూటర్ దగ్గర పూర్తి దారి రాసి ఉండదు. ఫలానా చిరునామా అయితే ఫలానా పొరుగువారికి అందించాలి, అంతే దానికి తెలిసింది.

ఆ కాస్తయినా ఎలా తెలిసింది? పొరుగువారు చెబితేనే. ఆర్పానెట్ మొదట్లో వాడిన పద్ధతి ఇదే. మన ఊళ్లనే రూటర్లు అనుకుని చూడండి. కోటిపల్లికి చేరాలి. ముక్తేశ్వరం "నాకు ఒక్క అడుగు" అంటుంది. అది విని అమలాపురం ఒకటి కలుపుకుని "అయితే నాకు రెండు" అని రాసుకుంటుంది. ఇలా ఒకరి మాట మీద ఒకరు లెక్క కట్టుకుంటే, పటం చూడకుండానే అందరికీ దారి తెలుస్తుంది. రిప్ అనే పద్ధతిలో రూటర్లు 30 సెకన్లకు ఒకసారి ఈ కబుర్లు చెప్పుకుంటాయి.

ఇప్పుడు గోదావరికి వరద వచ్చి పంటు ఆగిపోయిందనుకోండి. వేరే దారులు లేవనే అనుకోండి. ముక్తేశ్వరం దారి పోయింది. సరిగ్గా అప్పుడే అమలాపురం మామూలుగా "కోటిపల్లి నాకు రెండు" అంటుంది. ఆ రెండు తన మీదుగానే అని ముక్తేశ్వరానికి తెలియదు. "అయితే నాకు మూడు" అని రాసుకుంటుంది. అది విని అమలాపురం నాలుగు చేస్తుంది. తర్వాత అయిదు, ఆరు, ఏడు... లేని దారి గురించి ఇద్దరూ నిజాయితీగానే ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు. మధ్యలో చిక్కిన ప్యాకెట్లు ఈ రెండు ఊళ్ల మధ్య తిరుగుతూనే ఉంటాయి. అందుకే ప్రతి ప్యాకెట్టు మీదా ఒక అంకె వేస్తారు. కూడలి దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ప్యాకెట్టును పారేస్తారు. రిప్‌లో దూరం 16 అయితే ఇక దారి లేనట్టే లెక్క.

మరో మందు కూడా ఉంది. నాకు చాలా ఇష్టమైనది అదే: నీ దగ్గర విన్న దారి గురించి నీకే తిరిగి చెప్పను. ఈ ఒక్క నియమం ఉంటే అమలాపురం ముక్తేశ్వరంతో ఆ "రెండు" అనే మాటే ఎత్తదు.

మాట తప్పయితే ఎంత నష్టమో ఆర్పానెట్ తొలి ఏళ్లలోనే తెలిసింది. ఒక యంత్రంలో మెమరీ చెడి, అన్ని చోట్లకూ తన నుంచి దూరం సున్నా అని చాటింది. పొరుగువారు నమ్మారు. ఎవరెవరికో వెళ్లవలసిన ప్యాకెట్లు దాని వైపు మళ్లి, అక్కడే పోయాయి. తర్వాత ఆర్పానెట్ పద్ధతి మార్చింది. ఇప్పుడు పెద్ద సంస్థల లోపల ఎక్కువగా కనిపించేదీ ఆ రెండో తరహాయే. ప్రతి రూటరూ తన పక్కన ఉన్నవారి సంగతి మాత్రమే అందరికీ చాటుతుంది. అవన్నీ కూర్చి ఎవరి పటం వారు గీసుకుని, దగ్గరి దారి వారే లెక్క కట్టుకుంటారు. విన్న దూరాలను కాకుండా కళ్లారా చూసిన పొరుగును మాత్రమే చెప్పడం అందులోని మేలు.

మీకు ఒక పని పెడుతున్నాను. ఆ ఇష్టమైన నియమం ఇద్దరి మధ్య బాగానే పనిచేస్తుంది. ముక్తేశ్వరం, అమలాపురంతో పాటు అంబాజీపేటను కూడా కలపండి. మూడు ఊళ్లకూ ఒకదానితో ఒకటికి దారి ఉంది. ముగ్గురు మూడు ఊళ్లుగా కూర్చుని, చీటీల మీద దూరాలు రాసుకుని ఆడండి. మధ్యలో పంటు ఆపండి. నియమం తప్పకుండానే ఆ పాత చిక్కు ఎటు నుంచి తిరిగి వస్తుందో పట్టుకుని, ఫోనులో కాకుండా కాగితం మీద బొమ్మ గీసి నాకు పంపండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ