బ్రిటిష్ లిటరేచర్ ఫైనల్: అపోహలు - వాస్తవాలు

అమెరికా హైస్కూళ్లలో చాలాచోట్ల 12వ తరగతి ఇంగ్లీష్ అంటే బ్రిటిష్ లిటరేచరే. సిలబస్ స్కూలును బట్టి మారినా బేవుల్ఫ్ అనే పాత వీరకావ్యం, చాసర్ కవితలు, షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్, సానెట్లు (పద్నాలుగు పంక్తుల పద్యాలు) మాత్రం తరచుగా కనిపిస్తాయి.

అపోహ: కథ తెలిస్తే గట్టెక్కేయొచ్చు, సమ్మరీలు చాలు.

వాస్తవం: ఫైనల్ పరీక్షలో పిల్లల్ని ముంచేది పాసేజ్ ప్రశ్న. నాలుగైదు పంక్తులిచ్చి ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎందుకు ముఖ్యం అని అడుగుతారు. మాక్‌బెత్ రెండో అంకం రెండో రంగం చూడండి. రాజును చంపి వచ్చిన భర్తతో లేడీ మాక్‌బెత్, కాసిని నీళ్లతో కడిగేస్తే పోతుందిలే అంటుంది. ఐదో అంకం మొదటి రంగానికొచ్చేసరికి నిద్రలో నడుస్తూ, లేని మరకను రుద్దుకుంటూ, అరేబియా అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చెయ్యి వాసన పోదని నిట్టూరుస్తుంది. అక్కడ పద్యంలో మాట్లాడిన మనిషి ఇక్కడ వచనంలోకి దిగిపోయింది. మనసు చెదిరిందనడానికి అదే సాక్ష్యం. సమ్మరీలో ఇదంతా ‘అపరాధభావంతో కుంగిపోయింది’ అన్న ఒక్క ముక్క. దాంతో ఎస్సే రాయలేరు.

అందుకే ఒక్కో రచనకు మూడు పాసేజీలు ఎంచుకుని చేత్తో రాసుకోండి. పక్కన నాలుగే వివరాలు: ఎవరు, ఎవరితో, అంతకుముందు ఏం జరిగింది, ఏ అలంకారం లేదా ఛందస్సు. మర్నాడు ఆ వివరాలు కప్పేసి, పాసేజ్ మాత్రమే చూసి చెప్పండి.

అపోహ: షేక్‌స్పియర్‌ది ఓల్డ్ ఇంగ్లీష్.

వాస్తవం: కాదు, తొలి ఆధునిక ఇంగ్లీష్. ఓల్డ్ ఇంగ్లీష్ బేవుల్ఫ్‌ది, మిడిల్ ఇంగ్లీష్ చాసర్‌ది. మల్టిపుల్ చాయిస్‌లో ఊరికే పోగొట్టుకునే మార్కు ఇది.

అపోహ: తేదీలన్నీ బట్టీ పట్టాలి.

వాస్తవం: 1066 (నార్మన్ దండయాత్ర), 1603 (ఎలిజబెత్ పోయి జేమ్స్ రాజవడం), 1660 (రాచరికం తిరిగి రావడం), 1798 (వర్డ్స్‌వర్త్, కోలరిడ్జ్‌ల లిరికల్ బల్లాడ్స్), 1837-1901 (విక్టోరియా పాలన) వస్తే చాలావరకు సరిపోతుంది, కాకపోతే దేనికెందుకో తెలియాలి. 1603లో ఇంగ్లండ్ గద్దెనెక్కిన జేమ్స్ వంశం, మాక్‌బెత్‌లో కనిపించే బాంకో సంతతిమని చెప్పుకునేది. షేక్‌స్పియర్ మాక్‌బెత్ కథ తీసుకున్న హాలిన్‌షెడ్ చరిత్రలో బాంకో రాజు హత్యకు తోడుదొంగ. నాటకంలో ఆ మచ్చ లేదు. తేదీ ఇలా పనికొస్తేనే ఎస్సేలో పెట్టండి.

అపోహ: పద్నాలుగు పంక్తులుంటే సానెట్, అంతే.

వాస్తవం: ఆలోచన మలుపు తిరిగేది ఎక్కడో పట్టుకోవాలి. పెట్రార్కన్ (ఇటాలియన్ పద్ధతి) సానెట్‌లో సాధారణంగా తొమ్మిదో పంక్తి దగ్గర, షేక్‌స్పియర్‌లో తరచూ చివరి రెండు పంక్తుల్లో. షేక్‌స్పియర్ 130వ సానెట్‌ను పన్నెండో పంక్తి దగ్గరే ఆపేసినవాళ్లు ‘కవి ప్రియురాలిని వెక్కిరిస్తున్నాడు’ అన్న ఆప్షన్ పెట్టేస్తారు; చివరి రెండు పంక్తుల్లో తన ప్రేమ అపురూపమని కవి తేల్చేస్తాడు. ఆ ఆప్షన్ అక్కడ పెట్టేదే అందుకు.

అపోహ: పొడుగాటి కోట్‌లు రాస్తేనే ఎక్కువ మార్కులు.

వాస్తవం: మీ వాక్యంలో ఇమిడిపోయే నాలుగైదు మాటలు చాలు, కానీ తప్పు లేకుండా. మాక్‌బెత్‌లో మంత్రగత్తెలు అనేది ‘డబుల్ డబుల్’. చాలామంది ‘బబుల్ బబుల్’ అని రాస్తారు.