పాత ట్రాన్స్‌మిటర్‌కు వేరే వాల్వు కుదిరేదెలా?

పాత హామ్ (ఔత్సాహిక) రేడియో ట్రాన్స్‌మిటర్‌లో కాయిళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వేరియబుల్ కెపాసిటర్లు దశాబ్దాలు గడిచినా పనిచేస్తూనే ఉంటాయి. ముందుగా చేతులెత్తేసేవి ఫైనల్ వాల్వులు, అంటే యాంటెన్నాకు పవర్ పంపే చివరి దశలోని వాల్వులు (వాక్యూమ్ ట్యూబులు). కాథోడ్ వేడెక్కి ఎలక్ట్రాన్లను వెదజల్లితేనే వాల్వు పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వాడాక కాథోడ్ మీది పూతలో ఆ శక్తి తగ్గిపోయి, సెట్టు అవుట్‌పుట్ సగానికి పడిపోతుంది. అదే నంబరు వాల్వు దొరక్కపోతే చాలామంది సాకెట్‌లో పట్టే మరో వాల్వు కోసం వెతుకుతారు. ఆ వాల్వు సర్క్యూట్‌లో ఏ పని చేస్తోందో ముందు చూడాలని నేనంటాను. ప్రత్యామ్నాయం సులువో కష్టమో తేలేది అక్కడే.

మైక్ యాంప్లిఫయర్‌లో పెద్ద చిక్కేమీ ఉండదు. అమెరికన్ 12ఎఎక్స్7కూ యూరోపియన్ ఇసిసి83కీ తేడా పేరులోనే. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ల దగ్గర కాస్త ఆగాలి. పాదరసపు ఆవిరితో పనిచేసే 866ఎ బదులు, జెనాన్ వాయువు నింపిన 3బి28 అదే సాకెట్‌లో అదే 2.5 వోల్టుల ఫిలమెంట్‌తో పనిచేస్తుంది. పగిలితే పాదరసం ఒలుకుతుందన్న భయమూ ఉండదు. 5యు4 లాంటి వాక్యూమ్ రెక్టిఫయర్ తీసి సిలికాన్ డయోడ్లు పెడితే మాత్రం లెక్క మారుతుంది. ఆ వాల్వులో ఖర్చయ్యే పదుల వోల్టులు ఇప్పుడు మిగిలి, హెచ్‌టీ (వాల్వులకు ఇచ్చే హై టెన్షన్) వోల్టేజ్ పెరుగుతుంది. పైగా మిగతా వాల్వులు వేడెక్కకముందే హెచ్‌టీ వచ్చేస్తుంది. లోడ్ లేని ఆ కొన్ని సెకన్లలో పాత ఫిల్టర్ కెపాసిటర్ల మీద తట్టుకోలేనంత వోల్టేజ్ పడవచ్చు.

ఫైనల్ వాల్వుల్లో 807ది పాత కథ. 1930ల్లో ఆర్‌సీఏ సంస్థ 6ఎల్6 ఆధారంగా దాన్ని తయారుచేసింది. దాని తోబుట్టువు 1625 రెండో ప్రపంచయుద్ధంలో విమానాల రేడియోల్లోకి వెళ్లి, యుద్ధం ముగిశాక మిగులు సామాగ్రిగా గుట్టలుగా బయటికొచ్చింది. లోపల రెండూ దాదాపు ఒకటే. కాథోడ్‌ను వేడిచేసే హీటర్‌కు 807లో 6.3 వోల్టులు, 0.9 యాంపియర్లు కావాలి. 1625కు 12.6 వోల్టులు, 0.45 యాంపియర్లు. గుణించి చూస్తే వాట్లు సమానం. సాకెట్ మాత్రం ఐదు పిన్నుల నుంచి ఏడు పిన్నులకు మారుతుంది. సెట్టులోని 6.3 వోల్టుల వైండింగ్‌కు అంతే వోల్టేజ్ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను సిరీస్‌లో కలిపితే హీటర్ సమస్య తీరుతుంది. తిరగేసి కలిపితే రెండు వోల్టేజీలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి, వాల్వు పెట్టకముందే మీటర్‌తో చూసుకోవాలి.

నన్ను బాగా ఆలోచింపజేసేవి టీవీ వాల్వులు. యాయెసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-101లో రెండు 6జెఎస్6సి, డ్రేక్ టీఆర్-4లో మూడు 6జెబి6 ఫైనల్స్‌గా ఉంటాయి. ఇవి టీవీ తెర మీద ఎలక్ట్రాన్ పుంజాన్ని అడ్డంగా నడిపించడానికి పుట్టినవి. అందుకు పెద్ద కరెంటు పల్సులు కావాలి, కాబట్టి కాథోడ్ బలంగా ఉంటుంది. మాట్లాడినప్పుడే పవర్ తీసుకునే సైడ్‌బ్యాండ్ ప్రసార పద్ధతికి అది బాగా సరిపోయింది. ఆగకుండా క్యారియర్ (మాట లేని నిరంతర సిగ్నల్) పంపితే మాత్రం, ఎలక్ట్రాన్లు చేరే ప్లేట్ ఎర్రబడుతుంది. టీవీలు ట్రాన్సిస్టర్లకు మారగానే వీటి తయారీ ఆగిపోయింది. ఒకప్పుడు చవగ్గా, ఎక్కడంటే అక్కడ దొరికేవి కాబట్టే డిజైనర్లు వీటిని ఎంచుకున్నారు. ఇప్పుడు ఆ సెట్లకే వాల్వుల కొరత. ఎఫ్‌టీ-101లో 6146బి అనే ట్రాన్స్‌మిటింగ్ వాల్వు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. దానికి సాకెట్, స్క్రీన్ గ్రిడ్ వోల్టేజ్, బయాస్ (గ్రిడ్‌కు ఇచ్చే స్థిర వోల్టేజ్), న్యూట్రలైజేషన్ అన్నీ మార్చాలి.

న్యూట్రలైజేషన్ దగ్గరే అసలు విషయం ఉంది. 6146లో కరెంటును అదుపుచేసే గ్రిడ్‌కూ ప్లేట్‌కూ మధ్య ఉండే కెపాసిటెన్స్ 0.24 పికోఫారడ్ మాత్రమే. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 1.9 లక్షల ఓమ్‌ల అడ్డంకి. 28 మెగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి సుమారు 24 వేల ఓమ్‌లకు దిగిపోతుంది. ఆ దారిలో ప్లేట్ నుంచి గ్రిడ్‌కు తిరిగొచ్చే సిగ్నల్ ఎక్కువైతే యాంప్లిఫయర్ తనంతట తానే ఆసిలేట్ అవుతుంది. చిన్న ట్రిమ్మర్ ద్వారా వ్యతిరేక దశలో అంతే సిగ్నల్ పంపి దాన్ని రద్దు చేస్తారు. 6146 కోసం తూకం వేసిన ఈ అమరిక దాని తర్వాతి రూపమైన 6146బికి అచ్చంగా సరిపోకపోవచ్చు. ఒకే నంబరున్నా తయారీదారు మారితే లోపలి అమరికలో తేడా ఉంటుంది. ఒక జత ఫైనల్స్‌లో రెండు రకాలు కలపొద్దనేది అందుకే. కలిపితే కరెంటు సమానంగా పంచుకోక, ఒక వాల్వే భారమంతా మోస్తుంది.

ఇంకా పెద్ద వాల్వు పెడితే ఎక్కువ పవర్ వస్తుందన్న ఆశ కూడా మనవాళ్లలో కనిపిస్తుంది. 811ఎ బదులు 572బి అదే సాకెట్‌లో కూర్చుంటుంది. ఫిలమెంట్ కూడా అదే, 6.3 వోల్టులు, 4 యాంపియర్లు. ప్లేట్ తట్టుకునే వేడి 65 నుంచి 160 వాట్లకు పెరుగుతుంది. అయినా పవర్ సప్లయ్ ఇవ్వగలిగినదే అవుట్‌పుట్‌కు హద్దు. దక్కే లాభం పొరపాట్లను తట్టుకునే ఓపిక. అది చిన్నదేమీ కాదు.

పనికి దిగేముందు ప్లగ్ పీకి, హెచ్‌టీ కెపాసిటర్లను బ్లీడర్ రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూడాలి. ఆపేసిన సెట్టులోనూ ప్రాణం తీసేంత చార్జ్ నిలిచి ఉంటుంది. వాల్వు మార్చాక ముందు బయాస్‌తో ఐడిల్ కరెంటు (సిగ్నల్ లేనప్పుడు పారేది) సరిచేసి, తర్వాత తక్కువ పవర్‌తో ప్లేట్ ట్యూనింగ్ తిప్పుతూ రెండు మీటర్లు గమనించండి. ప్లేట్ కరెంటు బాగా దిగిన చోటే అవుట్‌పుట్ గరిష్ఠానికి చేరితే న్యూట్రలైజేషన్ కుదిరినట్టే. రెండూ వేర్వేరు చోట్ల వస్తే ట్రిమ్మర్‌ను కొద్దికొద్దిగా సర్దాలి. ట్రిమ్మర్ చివరిదాకా వెళ్లినా అవి కలవకపోతే ట్రిమ్మర్ సర్క్యూట్ విలువలను మార్చాలి, లేదంటే ఆ వాల్వు తీసి వేరే తయారీది ప్రయత్నించాలి.