పెళ్లికి అరుదైన పూలు, ఆకులు: అపోహలు – వాస్తవాలు

పెళ్లి అలంకరణలో ఎవరూ వాడని పువ్వు కావాలనుకునేవాళ్లు ముందుగా ఫొటోలు చూస్తారు. రంగు, ఆకారం ఫొటోలో తెలుస్తాయి. ఆ పువ్వు నీళ్లు లేకుండా ఎన్ని గంటలు నిలుస్తుందో, ఎంత వేడికి వడలుతుందో, బట్టకు మరక అంటిస్తుందో లేదో మాత్రం తెలియదు. అరుదైన పూలతో వచ్చే తిప్పలన్నీ ఈ మూడింటి దగ్గరే మొదలవుతాయి.

అపోహ: ఏ పువ్వైనా ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుంది.

గులాబీ, పియొనీ, కార్నేషన్ లాంటి వాటికి ఇది నిజమే. 1 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చలిలో అవి హాయిగా ఉంటాయి. ఆంథూరియం, హెలికోనియా, అల్లం జాతి పూలు, చాలా రకాల ఆర్కిడ్లు ఉష్ణమండలపువి కాబట్టి వాటి లెక్క వేరు. 12, 13 డిగ్రీల కంటే దిగువన ఉంచితే వాటి కణాలు దెబ్బతింటాయి. హెలికోనియా అంచులు నల్లబడతాయి, ఆంథూరియం మీద ఊదారంగు మచ్చలు లేస్తాయి. చిక్కేమిటంటే, ఈ దెబ్బ ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ సరిగా కనిపించదు. బయటికి తీసిన కొన్ని గంటలకు, సరిగ్గా అలంకరణ పూర్తయ్యాక బయటపడుతుంది. వీటిని ఎండ తగలని గదిలో, 15 నుంచి 20 డిగ్రీల మధ్య, కాడలు నీళ్లలో ఉంచి, పైన తడిపి పిండిన పల్చటి గుడ్డ కప్పితే చాలు.

ఇంటి ఫ్రిజ్‌కు ఇంకో దోషం ఉంది. అందులో మగ్గిన పండ్లుంటాయి. వాటి నుంచి వచ్చే ఇథిలిన్ వాయువుకు డెండ్రోబియం ఆర్కిడ్, కార్నేషన్, స్వీట్ పీ తొందరగా లొంగిపోతాయి. రేకులు ముడుచుకుంటాయి, లేదా రాలిపోతాయి. పూలూ పండ్లూ ఒకే గదిలో పెట్టవద్దు.

అపోహ: మొగ్గలు కొంటే పెళ్లి రోజుకు విచ్చుకుంటాయి.

కొన్నే విచ్చుకుంటాయి. లిల్లీ (మనం లిల్లీ అని పిలిచే రజనీగంధ కాదు, లిలియం) మొగ్గలు రంగు తిరిగాక కొంటే మూడు నాలుగు రోజుల్లో తెరుచుకుంటాయి. పియొనీ మొగ్గను వేళ్లతో నొక్కితే కాస్త మెత్తగా తగలాలి. రాయిలా గట్టిగా ఉంటే అది ఎన్ని రోజులైనా విచ్చుకోకపోవచ్చు. డాలియా, హెలికోనియా, ఆంథూరియం కోసిన స్థితిలోనే దాదాపు ఆగిపోతాయి కాబట్టి కావలసినంత విచ్చుకున్నవే తీసుకోవాలి. తామర మొగ్గ కోశాక దానంతటదే విచ్చుకోవడం అరుదు. అందుకే అలంకరణలో తామర పై రేకుల్ని ఒక్కొక్కటిగా లోపలికి మడిచి తెరుస్తారు. ఆ పని వేదిక దగ్గరే, ఆఖరి రెండు మూడు గంటల్లో చేయాలి. ముందు రోజు రాత్రే మడిచిపెడితే పొద్దుటికి మడతల దగ్గర గోధుమరంగు తిరుగుతుంది.

బర్డ్ ఆఫ్ ప్యారడైజ్‌ను కూడా చేత్తో తెరవవచ్చు. పూలను దాచుకున్న, పక్షి ముక్కులాంటి దాని తొడుగును 20, 30 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పై అంచు వెంబడి బొటనవేలితో మెల్లగా విప్పి, లోపలున్న నారింజరంగు పూలను ఒక్కొక్కటిగా పైకి లేపాలి. అప్పుడే జిగురు తేనె కారుతుంది. తుడిచేశాకే అలంకరణలో పెట్టండి, లేదంటే కింది గుడ్డ మీద చారలు పడతాయి.

అపోహ: గట్టి కాడల్ని సుత్తితో చితక్కొడితే నీళ్లు బాగా తాగుతాయి.

ఎంతోమంది చేసే పనే, కానీ నష్టమే ఎక్కువ. చితికిన కాడలో నీటి నాళాలు నలిగిపోతాయి. ఆ తునకలు బకెట్ నీళ్లలో కుళ్లి బ్యాక్టీరియాను పెంచుతాయి, ఆ బ్యాక్టీరియా మిగిలిన నాళాలనూ మూసేస్తుంది. పదునైన కత్తెరతో 2, 3 సెంటీమీటర్లు కోస్తే చాలు. ఏటవాలుగా కోయడం మంచిదే. కాడ బకెట్ అడుగుకు అతుక్కుపోకుండా ఉంటుంది, అంతకు మించిన మహిమేమీ లేదు. నీటి మట్టం కింద ఒక్క ఆకు కూడా ఉండకూడదు. కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా నీళ్లు తాగనిచ్చాకే అలంకరణ మొదలుపెట్టాలి.

పూల ఆహారం పొట్లాన్ని సగం వాడి పొదుపు చేయకండి. అందులో చక్కెర, ఆమ్లం, క్రిమినాశని కలిసి ఉంటాయి. పల్చగా కలిపితే క్రిమినాశని చాలదు, చక్కెర మాత్రం బ్యాక్టీరియాకు తిండవుతుంది. ఒట్టి నీళ్లే నయం.

కొన్ని పూలకు ప్రత్యేక మర్యాదలున్నాయి. హైడ్రాంజియా రేకుల గుండా కూడా నీళ్లు పీలుస్తుంది. అది తలవాల్చేస్తే గుత్తి మొత్తాన్ని అరగంట చల్లని నీళ్లలో ముంచితే చాలాసార్లు తేరుకుంటుంది. కొత్తగా కోసిన కాడ చివరను పటిక పొడిలో అద్ది నీళ్లలో పెడితే ఇంకాస్త నిలకడ. కోడిజుట్టు పువ్వులో ముందు వడలేవి ఆకులే, వాటిని పూర్తిగా తీసేయండి. ప్రోటియా పువ్వు వారమైనా ఉంటుంది గానీ దాని ఆకులు నల్లబడతాయి. పువ్వు తనకు కావలసిన చక్కెరను ఆకుల నుంచి లాగేసుకోవడమే కారణం. బకెట్‌ను చీకట్లో కాకుండా వెలుతురులో పెడితే ఇది ఆలస్యమవుతుంది. అప్పటికీ నల్లబడిన ఆకుల్ని నిర్మొహమాటంగా కత్తిరించేయవచ్చు.

అపోహ: ఆకులదేముంది, ఖాళీలు నింపడానికేగా.

అలంకరణ చెడిపోవడం చాలాసార్లు ఆకులతోనే మొదలవుతుంది. లేత చిగురు చూడముచ్చటగా ఉంటుంది, ముందుగా వాడిపోయేదీ అదే. లేత ఆకు మీది పొర పల్చన, నీరు ఆవిరైపోతుంది. ఏ మొక్కదైనా ముదిరిన, మందపాటి ఆకునే ఎంచుకోవాలి. రస్కస్, ఆస్పిడిస్ట్రా, ముదురు మాన్‌స్టెరా నీళ్లు లేకుండా కూడా ఒక పూట గడుపుతాయి. సన్నటి మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ గంటలోనే ముడుచుకుంటుంది, దాన్ని కుండీతో సహా పెట్టడం ఒక్కటే దారి. యూకలిప్టస్ లేత కొనలను పది సెంటీమీటర్ల మేర తీసేసి వాడితే మిగతా కొమ్మ బాగా నిలుస్తుంది. ఆస్పరాగస్ ఫెర్న్ ఎండేకొద్దీ సన్నటి పోచలు రాలుస్తుంది. భోజనాల బల్ల మీద వద్దు.

మందపాటి ఆకుల్ని గంటసేపు నీళ్లలో పూర్తిగా ముంచి తీస్తే నిగనిగలాడతాయి. నూగున్న వెండిరంగు ఆకుల్ని మాత్రం ఎప్పుడూ ముంచకండి. నూగు నీళ్లు పట్టుకుని ఆకు మురికి రంగులోకి దిగిపోతుంది.

పూలకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి, రంగు ఆకులకు, కాయలకు పెట్టడం మంచి బేరమని మా లెక్క. ఎర్ర క్రోటన్, కార్డిలైన్, ఎండిన తామరకాయ, వేలాడే అమరాంథస్... ఇది తోటకూర చుట్టమే, కానీ ఆర్చి నుంచి జాలువారితే ఎవరూ పోల్చుకోలేరు. తడిస్తే ఎర్రరంగు దిగుతుంది కాబట్టి తెల్లటి గుడ్డకు దూరంగా వేలాడదీయాలి.

అపోహ: ప్రకృతిలో దొరికేది కదా, ప్రమాదమేముంది?

గ్లోరియోసా, అంటే అగ్నిశిఖ, మంటలా చూడడానికి అద్భుతం. కానీ దుంప నుంచి రేకు దాకా అంతా విషమే, అందులో కాల్చిసిన్ ఉంటుంది. గన్నేరు, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ గుండె మీద పనిచేసే విషాలు. కేకు మీద, తినే పదార్థాల పక్కన, పసిపిల్లల చేతికందే చోట ఈ మూడూ వద్దు. యుఫోర్బియా కోస్తే కారే పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. చేతికి తొడుగులు వేసుకుని కోయాలి. ఇంట్లో పిల్లి ఉంటే నిజమైన లిల్లీలు (లిలియం) లోపలికే తేవద్దు. వాటి పుప్పొడి కూడా పిల్లి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది.

లిల్లీ విచ్చుకోగానే పుప్పొడి తలల్ని చేత్తో తుంచేయండి. అప్పటికే బట్ట మీద పడితే రుద్దకూడదు, నీళ్లు పెట్టకూడదు. అంటుకునే టేపుతో అద్ది లేపాలి.

అపోహ: నీలం ఆర్కిడ్ అరుదైన రకం.

అలంకరణకు దొరికే ముదురు నీలం ఆర్కిడ్లు, నీలం గులాబీలు దాదాపు అన్నీ రంగు ఎక్కించినవే. తప్పేం లేదు, కానీ రంగు వదులుతుంది. తడి తెల్లగుడ్డను రేకు మీద నొక్కి చూడండి. మరక పడితే బట్టలకు తగిలే చోట, జడలో వాడకండి.

అపోహ: ఎండు పూలతో ఏ బాధా లేదు.

పాంపస్ గడ్డి నూగు రాలుస్తుంది, నిప్పు రవ్వ తగిలితే క్షణంలో అంటుకుంటుంది. హెయిర్ స్ప్రే కొడితే నూగు ఆగుతుంది గానీ మంటకు అది అడ్డు కాదు. కొవ్వొత్తులకు, దీపాలకు దూరంగా ఉంచాల్సిందే.

అపోహ: నమూనా ఫొటో చూసి ఖాయం చేసుకుంటే చాలు.

ఎంచుకున్న ప్రతి పువ్వు, ఆకు నాలుగేసి కాడలు నెల ముందే తెప్పించండి. రాత్రంతా నీళ్లు తాగించాక ఒకటి నీళ్లలోనే, ఒకటి నీళ్లు లేకుండా, ఒకటి పూలు గుచ్చే తడి ఫోమ్‌లో గుచ్చి, పెళ్లి జరిగే చోట ఎంత వేడి ఉంటుందో అంత వేడిలో ఎనిమిది గంటలు ఉంచండి. నాలుగోదాన్ని తెల్లబట్టకు రుద్ది చూడండి. నీళ్లు లేకుండా నాలుగు గంటలు నిలవనిది చేతి బొకేకు, జడకు పనికిరాదు. దాన్ని కాడ చివరకు తొడిగే చిన్న నీటి గొట్టంలో పెట్టి బల్ల అలంకరణకు వాడుకోవచ్చు. వేదిక మీద వేసే పసుపు దీపాల కింద కూడా ఒకసారి చూడండి. ముదురు మెరూన్ డాలియా ఆ వెలుగులో నల్లగా కనిపిస్తుంది, ఊదా, నీలం వెలిసిపోతాయి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు లెక్కకు 10 నుంచి 15 శాతం ఎక్కువ రాయండి, దారిలో విరిగేవి ఉంటాయి. ప్రతి అరుదైన పువ్వుకు బదులు ఏది పంపాలో పేరుతో పాటు రంగు, తల వెడల్పు, కాడ పొడవు కూడా రాతలో పెట్టించండి. ఆ కాగితం లేకపోతే కింగ్ ప్రోటియా దొరకని రోజున అమ్మేవాళ్ల దగ్గర ఏది మిగిలితే అదే వస్తుంది.